దీవి కోసం ఎండబెట్టిన అన్నం

ఒక దీవికి కాపురం మార్చబోయే మనిషి ముందుగా ఏయే ప్రశ్నలు అడగాలో నాకు బాగానే తెలుసు. నేను వెళ్ళలేదు కాబట్టి జవాబులు మాత్రం సగమే తెలుసు.

మలయా దేశానికి మెర్డెకా, అంటే స్వాతంత్య్రం, వచ్చిన ఏడాది మొదట్లో సంగతి ఇది. బటాంగ్ బెర్జుంటై నుంచి లోపలికి వెళ్ళే ఎర్రమట్టి దారిలో ఉన్న ఒక రబ్బరు తోటలో నాకు ఉద్యోగం. ఫ్యాక్టరీ ఇంజిన్లు, నీళ్ళ పంపు, కరెంటు డైనమో చూసుకోవాలి. కౌలాలంపూర్‌లో సాంకేతిక విద్య చదివి వచ్చానని ఇంజినీరు దొర కింద సహాయకుడిగా తీసుకున్నారు. పని పెద్ద కష్టం కాదు. కష్టమంతా పని చుట్టూ ఉండేది. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని ప్రభుత్వం కూలీల ఇళ్ళ వరసలు, అంటే లైన్లన్నిటినీ ఒక్కచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేయించింది. పొద్దున వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సోదా, సాయంత్రం వచ్చేటప్పుడు మళ్ళీ సోదా, చీకటి పడితే కర్ఫ్యూ. కంచె అవతల పంపు చెడిపోతే ముందు అనుమతి, తర్వాత వెంట ఒక కానిస్టేబులు, ఆ తర్వాతే పంపు. ఒక వాల్వు మార్చడానికి అరగంట, ఆ అరగంట పనికి పోవడానికి ఒక పూట. ఆ వయసుకే నాకు ముసలితనం వచ్చినట్టుండేది.

అన్నిటికంటే విసుగు పుట్టించింది అన్నం. ఏ ఇంట్లోనూ పచ్చి బియ్యం ఉండకూడదన్నారు. గేటు పక్కన రేకుల షెడ్డు వేసి, కవా అనే పెద్ద పెద్ద ఇనుప మూకుళ్ళలో తోటంతటికీ కలిపి అక్కడే వండించేవారు. ఇంటికొకరు గిన్నె పట్టుకుని వరసలో నిలబడాలి. ఎంతమందికి ఎన్ని గరిటెలో లెక్క ఉంది. కూరలు మాత్రం ఇంట్లో వండుకోవచ్చు. దీని వెనక లాజిక్కు నాకు మొదటి రోజే అర్థమైంది. బియ్యమైతే దాచవచ్చు, అడవిలోకి చేరవేయవచ్చు. వండిన అన్నం మర్నాటికి పులిసిపోతుంది. పాలడబ్బా అమ్మినా కొట్టువాడు ముందే దానికి కన్నం పొడిచి ఇచ్చేవాడు. అదీ అదే లాజిక్కు.

ఈ ఆర్డరు అంతకు ముందటేడు మొదట్లో, సరిగ్గా మా పెళ్ళయిన నెలలోనే వచ్చింది.

నా భార్యది ఉత్తరాన ఉన్న సుంగై పెటాని ఊరు. వాళ్ళ నాన్న తెలుగువాడు, ఒక కంపెనీలో గుమాస్తా. అమ్మ తమిళావిడ. పెద్ద కుటుంబంలో పెద్ద కూతురు కాబట్టి చిన్నప్పటినుంచీ ఇంటిల్లిపాదికీ తనే వండేది. మా ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్తకోడలు కాపురానికి వచ్చాక ఆమె చేత అన్నం వండించి, అత్త ముందుగా తిని, "ఇక పొయ్యి నీదే" అనాలి. అది అయితేగానీ కోడలికి ఆ ఇంట్లో చుట్టరికమే తప్ప అధికారం రాదు. బియ్యమే లేనప్పుడు వండించేదేమిటి? ఎప్పుడైనా కోడలు పులుసులో ఉప్పు సరిచూడబోతే మా అమ్మ సరదాకి అనేది.

"సుట్టానివి, నీకెందుకమ్మా ఉప్పు గొడవ? కూకో."

ఇద్దరూ నవ్వుకునేవారు. కొన్నాళ్ళకి అమ్మ ఒక్కతే నవ్వేది. ఏడాది దాటాక ఆ మాట అనడం అమ్మ కూడా మానేసింది. నా భార్య సాయంత్రం గిన్నె తీసుకుని వరసలో నిలబడి, తెచ్చి, మూత తీసి చూసేది. రోజుకో రకంగా ఉండేది ఆ అన్నం. ఒకనాడు ముద్ద, ఒకనాడు పలుకు, అడుగంటిన రోజు నల్లటి చెక్కు. "వండినోడికి తినేవాళ్ళెవరో తెలీదు, అదీ దీని రుచి" అనేది.

ఇలా ఉండగా ఇంజినీరు దొర నన్ను ఒకరోజు ఇంజిను గది బయటకు పిలిచాడు. ఈ దేశానికి స్వాతంత్య్రం వస్తోంది కాబట్టి తను వెళ్ళిపోతున్నాననీ, కరీబియన్ సముద్రంలో ట్రినిడాడ్ అనే దీవిలో చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిందనీ చెప్పాడు. "డీజిలు ఇంజిన్లు తెలిసిన సహాయకుడు కావాలని అడిగారు. నిన్ను తీసుకెళ్తానన్నాను. మూడేళ్ళ ఒప్పందం. భార్యకీ టిక్కెట్టు ఇస్తారు. ఆగస్టులో ఓడ. ఆలోచించి చెప్పు" అన్నాడు.

ఆలోచించడమంటే నాకు ప్రశ్నలు వరసగా రాసుకోవడమే. ఆ వారమంతా అదే పని. అక్కడి కరెంటు సెకనుకు ఎన్ని సైకిళ్ళు? మలేరియా ఉందా, ఆసుపత్రి ఎంత దూరం? జీతం ఏ డబ్బులో ఇస్తారు, అందులో ఎంత ఇంటికి పంపనిస్తారు? తిరుగు టిక్కెట్టు ఒప్పందంలో రాస్తారా, లేక మాట వరసేనా? మూడేళ్ళు దేశం బయట ఉంటే ఇక్కడి పౌరసత్వం పోతుందా? ఇది అన్నిటికన్నా ముఖ్యమని రెండుసార్లు గీత గీశాను. తుఫాన్లు ఏ నెలల్లో? రాత్రి షిఫ్టులు ఉంటాయా?

దొర కొన్నిటికి తెలిసిన జవాబు చెప్పాడు, కొన్నిటికి భుజాలెగరేశాడు. కరెంటు ఇక్కడి లెక్క కాదు, అరవై సైకిళ్ళనుకుంటాను అన్నాడు. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారట, వాళ్ళ తాతల కాలంలో చెరకు తోటలకు వచ్చినవాళ్ళు. ఏ భాష మాట్లాడతారో ఆయనకు తెలియదు. పౌరసత్వం సంగతి నేనే కౌలాలంపూర్ వెళ్ళి ఒక ఆఫీసులో మూడు కిటికీల దగ్గర నిలబడి కనుక్కున్నాను. ఇంటికి వచ్చి ఆడవాళ్ళిద్దరికీ చెప్పాను. ఇక్కడే పుట్టిన నాకూ నా భార్యకూ భయం లేదు, మమ్మల్ని ఎవరూ ఓడెక్కించి పంపలేరు. అమ్మ విశాఖ జిల్లాలో పుట్టింది కాబట్టి ఆమెది వేరే సంగతి. ఏదైనా కేసులో పేరు వినబడితే ఇండియా ఓడ ఎక్కించేయగలరు. ఆ రోజుల్లో అలా పంపబడ్డవాళ్ళని మేం చూశాం.

"నన్నెందుకు పంపుతార్రా? నా పేరెవుడికి తెలుసు?" అంది అమ్మ.

అమ్మకి మా ప్రయాణం మీద బెంగేమీ లేదు. మా అన్న కుటుంబం పక్క లైనులోనే ఉంది. "ఎల్లండి, ఎల్లండి. ఈ కంచెలో మీరేటి సేస్తారు? నాను ఓడెక్కి వచ్చినదాన్నే కదా, సావలేదు కదా" అనేది.

నా భార్య నా ప్రశ్నలన్నీ చదవమంది. చదివాను. చివరిదాకా విని అడిగింది.

"ఇందులో వంట ప్రశ్న ఏదీ?"

"ఏ వంట?"

"అక్కడ బియ్యం ఇంటికి తెచ్చుకోవచ్చా? నా పొయ్యి మీద నేను వండుకోవచ్చా? కంచె ఉందా, గేటు ఉందా? అది అడగండి. ఆ సైకిళ్ళ సంగతి తర్వాత లా." మలాయ్ వాళ్ళలా మాట చివర "లా" చేర్చడం ఆమెకు అలవాటు.

మర్నాడు దొరని అడిగితే ఆయన పెద్దగా నవ్వాడు. కంచె లేదు, గేటు లేదు, మీ ఆవిడ బస్తాలకొద్దీ బియ్యం కొనుక్కోవచ్చు, వంటగది విడిగా ఉన్న ఇల్లిస్తారు అన్నాడు. ఆ జవాబు ఇంటికి తీసుకొచ్చాను. నా భార్య ఆ సాయంత్రం వరసలో నిలబడడానికి వెళుతూ పాట లాంటిదేదో గొంతులో అనుకుంటూ వెళ్ళింది. నాకు అర్థమైంది. ఆమెకు ఈ ప్రయాణం దీవి కోసం కాదు. ఒక గిన్నెడు ఎసరు కోసం.

మేం వెళుతున్నామని ఒప్పుకున్నాక అమ్మ తన పని మొదలుపెట్టింది. అమ్మ లెక్కలో సముద్ర ప్రయాణమంటే కూడా తిండి తీసుకెళ్ళాలి. తను చిన్నప్పుడు విశాఖలో ఓడెక్కినప్పుడు వాళ్ళమ్మ ఏవేవి మూటగట్టిందో వరసగా చెప్పేది. అరిసెలు చేద్దామంటే బియ్యప్పిండి లేదు. అటుకులూ దొరకవు. చేతిలో ఉన్నదల్లా షెడ్డు నుంచి వచ్చే అన్నం. రోజూ అందరూ తినగా మిగిలినదాన్ని ఉప్పు, జీలకర్ర, ఎండుమిరప కారం వేసి మెదిపి, చిన్న చిన్న ముద్దలుగా పాత చీర మీద పెట్టి, ఇంటి వెనక రేకుల మీద ఎండబెట్టేది. అన్నం వడియాలు. నూనెలో వేస్తే పొంగుతాయి. అమ్మ ఊరివైపు ఏ ఇంట్లోనైనా చేసేవే. చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఈ సంగతి తెలిసి, "కుర్రోడు దూరం ఎల్తున్నాడు" అని తమ ఇళ్ళలో అడుగున మిగిలిన అన్నం కూడా తెచ్చి ఇచ్చేవారు. ఆ అన్నం తిని తిని అందరికీ మొహం మొత్తింది కాబట్టి మిగలడానికి లోటు లేదు.

నేను ఆ వడియాలని రోజూ చూసేవాణ్ణి. రెండు బిస్కెట్టు డబ్బాలు నిండి మూడోది సగమయ్యింది. మూడేళ్ళకు సరిపడాలన్నది అమ్మ లెక్క. నాకు కనబడ్డది సామాను బరువు సమస్య ఒక్కటే.

"ఓడలో అన్ని డబ్బాలు మొయ్యలేమమ్మా."

"నువ్వు మొయ్యకు. ఓడ మొస్తది."

జులైలో ఒక మధ్యాహ్నం లైన్లను సోదా చేశారు. అలాంటి సోదాలు అంతకుముందూ జరిగాయి. ఇంట్లోవి బయట పెట్టించి, నేల పొడిచి చూసి, వెళ్ళిపోయేవారు. ఈసారి వచ్చినది ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన పోలీసు ఆఫీసరు, నా వయసే ఉంటుంది, ఎండకి మెడ ఎర్రగా కాలిపోయింది. ఆయన వెంట ఇద్దరు మలాయ్ కానిస్టేబుళ్ళు. మూడు డబ్బాలు బయటకి తెచ్చి మూతలు తీశారు. ఆఫీసరుకు మా భాష రాదు కాబట్టి ఫ్యాక్టరీ నుంచి నన్నే పిలిపించారు.

నేను వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నా భార్య ఆమె పక్కన నిలబడి ఉంది. పెద్ద కానిస్టేబులు ఒక వడియం కొరికి చూసి, నములుతూ, "ఇది కెరోపొ, తువాన్" అని ఆఫీసరుతో అన్నాడు. మలాయ్ వాళ్ళు రొయ్యపిండితో చేసుకునే అప్పడాల్లాంటివాటిని కెరోపొ అంటారు. ఆఫీసరు కూడా ఒకటి తీసి వేళ్ళ మధ్య విరిచాడు. పటుక్కుమంది.

"ఇది అన్నమేనా?" అని నన్ను అడిగాడు.

"అన్నమే. తినుబండారం."

"ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?"

అప్పుడు తెలిసింది నాకు. చదువుకున్నవాణ్ణి, అన్నం ఎందుకు ఇలా వండి పెడుతున్నారో మొదటి రోజే గ్రహించినవాణ్ణి, అన్ని వారాలు ఆ రేకుల పక్కనుంచే నడిచి వెళ్ళాను. నీరు పోయిన అన్నం పులవదు. ఏడాది ఉంటుంది. సంచిలో పోస్తే కంచె మీంచి విసరవచ్చు. ఆ షెడ్డు, ఆ కవాలు, ఆ వరస, అన్నీ దేన్ని ఆపడానికో సరిగ్గా దాన్నే మా అమ్మ జీలకర్ర వేసి తయారు చేసింది.

"చాలా రోజులుంటుంది" అన్నాను.

"ఒక్క ఇంటి అన్నంలో ఇంత మిగలదు. ఎవరు చేశారిది? ఎవరి కోసం?"

తెలుగులోకి మార్చి అడిగాను. అమ్మ నోరు తెరిచేలోపే నా భార్య అంది.

"నాది. నేనే చేశాను. అందరి దగ్గరా అడిగి తెచ్చాను. ఓడలో తినడానికి."

"ఒలే, నోరుముయ్యి! అది నా డబ్బా. నా కొడుకు కోసం నాను ఎండబెట్టినాను. ఈ గుంటకేటి తెలుసు?" అని అమ్మ లేవబోయింది. నా భార్య అమ్మ భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది.

"పోదుం, చాలు అత్తా, ఊరుకోండి" అని నా వైపు తిరిగింది. "చెప్పండి ఆయనకి. ఇక్కడ పుట్టినవాళ్ళని ఓడెక్కించరని మీరే కదా కనుక్కుని వచ్చారు. చెప్పండి లా."

ఆఫీసరు నా మొహమే చూస్తున్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. నా భార్య చేసిందనీ, సముద్ర ప్రయాణం కోసమనీ, మా దొర సాక్ష్యమిస్తాడనీ.

"ముసలావిడ ఏమంటోంది?"

"కోడల్ని తిడుతోంది" అన్నాను. అది అబద్ధం కాదు.

పోలీసులు లారీ ఎక్కించి తీసుకెళ్ళేటప్పుడు నా భార్య వెనక్కి చూడలేదు. అమ్మ మాత్రం గేటు దాకా వెళ్ళి, కానిస్టేబులు ఆపితే అక్కడే నేల మీద కూలబడి, "నా డబ్బారా అది, ఓరి నాయనో, ఎవుడూ ఇనడేటి" అంటూనే ఉంది. ఆ మాట అర్థమయ్యేవాళ్ళందరం కంచె లోపలే ఉన్నాం.

ఇంజినీరు దొరా, మేనేజరు దొరా వెళ్ళి మాట్లాడారు. నేను మూడు పూటలా పోలీసు స్టేషను బయట బెంచీ మీద కూర్చున్నాను. అన్నం ఎవరెవరు ఇచ్చారని అడిగితే నా భార్య పేర్లు గుర్తులేవందట. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. వారం తిరగకుండా వదిలేశారు. కేసు పెట్టలేదు. కానీ విచారణ ముగిసేదాకా దేశం విడిచి వెళ్ళడానికి ఆమెకు పోలీసుల అనుమతి దొరకదన్నారు. ఎప్పుడు ముగుస్తుందని అడిగాను. అది చెప్పడం వాళ్ళ పని కాదన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ కోడలికి తలంటు పోసింది. దువ్వెన పెట్టి చిక్కు తీస్తూ మధ్యమధ్య ముక్కు తుడుచుకునేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాసేపు నిలబడి పోయారు.

ఇంజినీరు దొర నాకు దారి చూపించాడు. "నువ్వు ముందు వచ్చెయ్యి. అనుమతి రాగానే ఆవిడని పిలిపిస్తాను. ఒంటరివాళ్ళకు మెస్సు ఉంది, ఇబ్బంది ఉండదు." న్యాయంగానే ఉంది. నేను మళ్ళీ ప్రశ్నలు రాయబోయాను. చేతికి ఓపిక రాలేదు. సాయంత్రం బావి దగ్గర బట్టలు పిండుతున్న నా భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"వెళ్ళాలనుందా?" అంది.

"తెలియడం లేదు. అలిసిపోయాను. ఇక్కడున్నా అలుపే."

"మీరొక్కరే ఉంటే అక్కడ అన్నమెవరు వండుతారు?"

"మెస్సులో."

"వరసలో నిలబడాలా?"

"ఉండొచ్చు. పళ్ళెం పట్టుకుని వెళ్ళాలనుకుంటాను."

ఆమె పిండుతున్న చొక్కా ఆపింది. "నేనిక్కడ వరసలో, మీరక్కడ వరసలో. దీనికంత పెద్ద ఓడ ఎందుకండీ?" అంది. తర్వాత నవ్వింది. స్టేషను నుంచి వచ్చాక అదే మొదటిసారి నవ్వడం. నాకు నవ్వు రాలేదు గానీ, మర్నాడు పొద్దున దొర దగ్గరకు వెళ్ళి రానని చెప్పాను. కారణమడిగాడు. కుటుంబం అన్నాను. "నీ ఇష్టం. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, నిజమే చెప్పాడు. ఆయన ఓడ వెళ్ళిన కొద్ది రోజులకే మెర్డెకా వచ్చింది. తోటలో జెండా ఎగరేశారు, పిల్లలకు మిఠాయి పంచారు, అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు గేటు దగ్గర యథాప్రకారం సోదా. కొత్తగా వచ్చిన ఇంజినీరుకి డైనమో సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చాను.

అనుమతి సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మేమూ అడగలేదు.

ఆ మరుసటి ఏడాది మా వైపు షెడ్డు వంట ఆపేశారు. ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక సాయంత్రం గిన్నెలతో వెళ్ళిన ఆడవాళ్ళకి అన్నానికి బదులు బియ్యం కొలిచి ఇచ్చారు, అంతే. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా పొగ. కట్టెలు తడివి. నా భార్య పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతోంది. అమ్మ గుమ్మం ఇవతలే ఉంది, లోపలికి వెళ్ళలేదు.

"అత్తా, ఎసరు ఎంత పెట్టమంటారు? ఈ బియ్యం కొత్తవా పాతవా?"

"నన్నడుగుతావేటి? నీ పొయ్యి, నీ ఇష్టం."

"కాస్త చూడండి."

"నా కళ్ళు కనపడవు. నువ్వే సూసుకో" అని అమ్మ అటు తిరిగి కూర్చుంది.

అన్నం చిమిడిపోయింది. షెడ్డులో ఎప్పుడూ అంత చెడగొట్టలేదు. గరిటెకి అంటుకుని వదలడం లేదు. నా భార్య గిన్నెలోకి చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, కోపంగా మూత పెట్టేసింది. సుంగై పెటానిలో పదిమందికి కళ్ళు మూసుకుని వండేదట. చేయి మరిచిపోయింది. అమ్మ లోపలికి వచ్చి, తనే మూత తీసి, పళ్ళెంలో పెట్టుకుని, పులుసు పోసుకుని తినడం మొదలుపెట్టింది. మారు పెట్టుకుంది. నాకు షిఫ్టు ఎక్కువై కళ్ళు మూసుకుపోతున్నాయి. నేనూ కూర్చున్నాను.

"బాగోలేదు కదా?" అంది నా భార్య నాతో.

"మెత్తగా ఉంది."

"రేపు నీళ్ళు తగ్గిస్తాను" అంది.